వెనక నుంచి వచ్చిన వరద

శ్యామసుందరికి నీళ్ళంటే భయం. ఆ సంగతి ఆమె ఎవరి దగ్గరా దాచదు. సిడ్నీ వచ్చి పాతికేళ్ళు దాటినా బీచ్‌కి వెళ్తే చెప్పులు కూడా విప్పకుండా ఇసుకలో దూరంగా కూర్చుంటుంది. ఎవరైనా నవ్వితే నవ్వనిస్తుంది. దివిసీమ ఉప్పెన నాటికి ఆమెకు ఆరేళ్ళు. ముందురోజు తనతో తొక్కుడుబిళ్ళ ఆడిన పిల్లలు మర్నాటికి లేరు. వస్తున్నానని సముద్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా వచ్చే నీళ్ళను నమ్మకూడదని ఆ వయసులోనే ఆమెకు తెలిసిపోయింది. తర్వాత చదివిన ఎం.ఏ. హిస్టరీ అంతా దానికి తోక మాత్రమే.

భర్త గోపాలరావుది ఇంకో తీరు. ఆయన పుట్టింది గోదావరి లంకలో. అక్కడ వరదంటే ఏటా వచ్చే చుట్టమే. వచ్చే ముందు కబురు పెడుతుంది కూడా. భద్రాచలం దగ్గర నీళ్ళు ఎంతెత్తున ఉన్నాయో చెబితే చాలు, లంకలోకి ఎప్పుడు దిగుతాయో మంచంలో ఉన్న ముసలమ్మ కూడా చెప్పేస్తుంది. ఈలోగా గేదెల్ని ఏటిగట్టు మీదకు తోలుకోవచ్చు, ధాన్యం అటకెక్కించవచ్చు, తీరిగ్గా ఒక కాఫీ కూడా తాగవచ్చు. వరద తీశాక మిగిలిన ఒండ్రు మీద విత్తనాలు చల్లితే పంట విరగకాస్తుంది. అలాంటి చోట పెరిగిన మనిషి నిమ్మకు నీరెత్తినట్టు ఉండక ఎలా ఉంటాడు?

రౌస్ హిల్ పక్కన ఒక హైస్కూల్లో శ్యామసుందరి ఏడో తరగతికి ప్రాచీన చరిత్ర చెబుతుంది. ఏటా మొదటి పాఠం నదులదే. నైలు కోతలయ్యాక, దాదాపు ఏటా ఒకే కాలానికి పొంగి, మట్టి పరిచి, మర్యాదగా వెనక్కి వెళ్ళేది. అందుకే ఆ ఒడ్డున బతికినవాళ్ళు లోకం ఒక క్రమంలో నడుస్తుందని నమ్మారు. టైగ్రిస్, యూఫ్రటీస్ అలా కాదు. ఎక్కడో కొండల మీద మంచు కరిగితే చాలు, సరిగ్గా పంట చేతికొచ్చే వేళ విరుచుకుపడేవి. కాచుకోవడానికి ఆ చదును నేల మీద ఒక గుట్ట కూడా లేదు. అందుకని వాళ్ళు గట్లు పోశారు, కాలువలు తవ్వారు. అంత పని ఒక్క ఇంటితో అవుతుందా? వందల ఇళ్ళు కలవాల్సొచ్చింది. కలిసి ఊళ్ళయ్యాయి, ఊళ్ళు నగరాలయ్యాయి. ఎన్ని కట్టుకున్నా వాళ్ళకు దేవుళ్ళంటే హడలే. ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఇంటికొచ్చి, "మీరు నైలు మనిషండీ, నేను యూఫ్రటీస్ దాన్ని" అని మొగుణ్ణి ఆటపట్టించేది. ఆయన నవ్వేవాడు.

రోడ్ల ఇంజినీరుగా రిటైరయ్యాక ఆ నవ్వే మనిషి చేసిన పని ఏమిటంటే, విండ్సర్ అవతల హాక్స్‌బరీ నది ఒడ్డున ఒక ముసలి మాల్టా దేశపు రైతు దగ్గర పొలం ముక్క కౌలుకు తీసుకోవడం. మొదటి రోజే గుప్పెడు మట్టి తీసి వాసన చూసి, అచ్చం మా లంక మట్టే అన్నాడు. గోంగూర వేశాడు, దోస పెట్టాడు, బెండ పెట్టాడు. స్కోఫీల్డ్స్‌లో ఉన్న తెలుగు ఇళ్ళన్నిటికీ సంచుల్లో పంచిపెట్టాడు. గోపాలరావు అంకుల్ గోంగూర అంటే ఆ చుట్టుపక్కల పెద్ద పేరు. ఒండ్రు ఉందంటే నది అక్కడికి వచ్చిపోతోందని అర్థం కదా అని శ్యామసుందరి ఎన్నోసార్లు మొత్తుకుంది. రానీ, కబురు పెట్టే వస్తుందిగా అన్నాడాయన.

ఆ వారం వాన వదలకుండా కురిసింది. పొద్దున్నే ఆయన పొలంలో నీళ్ళు తోడే మోటారును అక్కడి షెడ్డు అటక మీదకు ఎక్కించి వస్తానని బయల్దేరాడు. శ్యామసుందరి వద్దంది. ఆయన ఫోనులో నదీమట్టాలు తెరిచి చూపించాడు.

"పెన్రిత్ మన భద్రాచలం అనుకో శ్యామా. అక్కడ పెరిగి, అది కిందికి దిగొచ్చేసరికి బోలెడు టైముంటుంది. నేను గోదారి వాణ్ణే, నాకు చెప్తావా?"

ఆమె బడికి వెళ్ళిపోయింది గానీ మనసు బడిలో లేదు. భోజనాల గంటకు ఆయన వెళ్ళిన రోడ్డు మూసేశారని తోటి టీచరు చెప్పింది. శ్యామసుందరి వెంటనే ఫోను తీసింది. ఫోను చేస్తే ఆయన ఏమీ జరగనట్టే పలికాడు. మోటారు బోల్టు పట్టేసి ఆలస్యమైందట. వచ్చిన దారిలో పల్లం దగ్గర నీళ్ళు నిలిచాయట. కారు పోదట. అయినా కంగారేమీ లేదట, నది ఇంకా ఒడ్డుకు బాగా కిందే ఉందట. పడవలో వచ్చిన ఎస్‌ఈఎస్ వాళ్ళు, అదే వరదల్లో మనుషుల్ని దాటించే వాలంటీర్లు, ఎక్కమని కేకేస్తే, ముందు అటువైపు పిల్లలున్న ఇంటికి వెళ్ళండని తనే పంపేశాడట. మిట్ట మీద నిలబడి వరద తీసేదాకా ఆగడమే లంకవాళ్ళు చేసే పని, తనూ అదే చేస్తున్నాడట.

శ్యామసుందరి ఊరుకోలేకపోయింది. వెస్ట్‌మీడ్‌లో డాక్టరుగా ఉన్న కూతురు భానుశ్రీకి ఫోను చేసింది. "అమ్మా, జస్ట్ బ్రీద్. నాన్నకి నదులు బాగా తెలుసు" అంది ఆ పిల్ల.

"ఈ నది తెలీదే మీ నాన్నకి" అంది శ్యామసుందరి.

అన్నాక ఆ మాట ఎంత నిజమో ఆమెకే అర్థమైంది. ఏటా బోర్డు మీద తాను గీసే బొమ్మ గుర్తొచ్చింది. వరద పొంగినప్పుడల్లా బరువైన మట్టిని ఒడ్డునే వదిలేస్తుంది కాబట్టి నది పక్క నేల ఎత్తవుతుంది, దాని వెనక నేల పల్లంగా ఉండిపోతుంది. గోపాలరావు నిలబడింది ఆ ఎత్తు మీదే. ఆయన చూస్తున్నది ముందున్న నదిని. కానీ హాక్స్‌బరీ గోదావరిలా బారలు చాపుకుంటూ సముద్రంలోకి పోదు. కింద దాని దారి కొండల ఇరుకులో ఉంది. ఎగువన నాలుగు నదుల నీళ్ళు వచ్చి పడుతుంటే ఆ సందులోంచి దిగలేక వెనక్కి ఎగదన్నుతాయి, పక్కవాగుల్లోంచి పల్లాల్లోకి ఎక్కుతాయి. ఒక్క పెన్రిత్‌ను చూస్తే అది ఎలా తెలుస్తుంది? ఆ మిట్ట ముందు లంకవుతుంది, తర్వాత అదీ ఉండదు.

ఎమర్జెన్సీ నంబరుకు చేస్తే అవతల అమ్మాయి పలికింది. పాతికేళ్ళుగా ఇంగ్లీషులో పాఠాలు చెప్పే మనిషికి ఆ క్షణాన నోట తెలుగు తప్ప రాలేదు. మా ఆయన, మా ఆయన అంటూనే ఉంది. పక్కనున్న టీచరు ఫోను అందుకుని వివరం చెప్పింది. పడవ పంపుతాం, కానీ ఆయన ఎక్కుతానంటేనే అన్నారు వాళ్ళు. లంకలో పుట్టిన మొండిఘటం ఒకసారి కాదన్నాక ఎక్కుతాడా? శ్యామసుందరి మళ్ళీ ఆయనకే చేసింది.

"ఏవండీ, నదికేసి చూడకండి. వెనక్కి తిరగండి. కారు పెట్టిన వైపు నీళ్ళ అంచున ఒక కర్ర పాతండి."

"ఎందుకే?"

"పాతండి చెప్తాను."

విసుక్కుంటూనే వెళ్ళాడు. బురదలో ఆయన బూట్ల చప్పుడు వినబడింది. తర్వాత వానే వినబడింది. ఆమె ఫోనును చెవికి అదిమి పట్టుకుని, తెలిసిన దేవుళ్ళనందరినీ, పాఠంలో ఉన్న దేవుళ్ళను కూడా కలిపి మొక్కుకుంది.

"శ్యామా" అన్నాడు చాలాసేపటికి. ఆ గొంతు ఆమె కాపురంలో ఎప్పుడూ విననిది. "కర్ర మునిగిపోయిందే. వెనక నుంచి వస్తున్నాయే నీళ్ళు."

"పడవ వస్తోంది. ఎక్కుతారా?"

"ఎక్కుతాను."

సాయంత్రం పోలీసులు రోడ్డు మూసిన చోట ఆమె గొడుగు కూడా వేసుకోకుండా నిలబడింది. పడవ వచ్చేదాకా ప్రాణాలు అరచేతిలోనే ఉన్నాయి. ఆయన నారింజరంగు జాకెట్‌లో, ఉత్తికాళ్ళతో దిగాడు. బాగానే ఉన్నాడు. కానీ ఇల్లు చేరేదాకా వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు. కారు, షెడ్డు, మోటారు అన్నీ నీళ్ళలోనే ఉండిపోయాయి. వాటి ఊసే ఎత్తలేదాయన.

అసలు భయం ఆమెకు ఆ తర్వాత మొదలైంది. పైకప్పు మీద నాలుగు చినుకులు పడితే చాలు, గోపాలరావు లేచి కిటికీ దగ్గర నిలబడుతున్నాడు. వానాకాలమంతా గుర్రుపెట్టి నిద్రపోయే మనిషి అంత చిన్న చప్పుడుకు మెలకువ తెచ్చుకుంటున్నాడు. నదీమట్టాలు నువ్వు చూసి చెప్పు, నేను చూడలేనంటున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన ధీమాను చూసి ఒళ్ళు మండేది శ్యామసుందరికి. ఆ ధీమాను తలకింద పెట్టుకునే ఇన్నాళ్ళూ తను నిద్రపోయిందని ఇప్పుడు తెలిసింది. ఇద్దరూ భయపడే ఇంట్లో ఎలా బతకాలో ఆమెకు తెలియదు.

నీళ్ళు తీశాక మాల్టా రైతు ఫోను చేశాడు. జానెడు మందాన కొత్త మట్టి పరుచుకుందనీ, ఆలస్యం చేస్తే గట్టిపడిపోతుందనీ, వచ్చి విత్తుకోమనీ చెప్పాడు. గోపాలరావు చూద్దాం అని పెట్టేశాడు. మర్నాడూ వెళ్ళలేదు, ఆ పై ఆదివారమూ వెళ్ళలేదు. అడుగుదామని నోటిదాకా వచ్చిన మాటను శ్యామసుందరి ప్రతిసారీ మింగేసింది. ఆయన వెళ్తానంటే ఆమెకు భయం. వెళ్ళనంటే అంతకన్నా భయం.

ఒక పొద్దున ఆమె బడికి సంచీ సర్దుకుంటుంటే ఆయన వంటింటి గడపలో వచ్చి నిలబడ్డాడు.

"ఆ యూఫ్రటీస్ వాళ్ళున్నారు కదా, చెప్పకుండా వచ్చి అన్నీ ఊడ్చుకుపోయాక, మళ్ళీ ఎలా విత్తుకున్నారే?" అని అడిగాడు. ఎగతాళి లేదు ఆ గొంతులో. పిల్లవాడు అడిగినట్టే అడిగాడు.

గట్ల గురించీ కాలువల గురించీ ఏటా చెప్పే జవాబు ఆమె నాలుక మీదే ఉంది. అది చెప్పలేదు. సంచీ కింద పెట్టి, వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"భయపడుతూనే విత్తుకున్నారండీ" అంది.