మా పడకగదికి ప్లగ్గులు పెట్టిన మామ

పోయిన శుక్రవారం పొద్దున హిందూపురం నుంచి తంతి వచ్చింది. మా మేనమామ ఇక లేడు. ధర్మవరంలో మా అత్తగారింటి వాకిట్లోనే నిలబడి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. ముందురోజు సాయంత్రం కూడా ఎవరింట్లోనో ఫ్యాను బిగించి వచ్చి, భోంచేసి పడుకున్నాడట. నిద్రలోనే పోయాడు. రైలెక్కి అక్కడికి చేరేసరికి వీధంతా జనం. వాళ్లలో సగంమంది ఇళ్లకు తీగలు లాగింది ఆయనే. ఊరికి ఆయన వైర్‌మన్. నాకు అమ్మ తమ్ముడు.

ఏడ్చి వచ్చాక ఇది రాద్దామని కూర్చుంటే గుర్తొచ్చేవన్నీ సంబరాలే. ఆయన ఖాకీ సంచి భుజాన వేసుకుని దిగాడంటే ఇంట్లో ఏదో ఒకటి కొత్తగా వెలుగుతుంది, లేదంటే తిరుగుతుంది.

అరవై రెండు ఎండాకాలంలో తొలికాన్పుకని పెనుకొండలో పుట్టింటికి వచ్చాను. ఇంటికి కరెంటు వచ్చి అప్పటికి ఏడాది. గదికో బల్బు, అంతే. ప్లగ్గు ఒక్కటీ లేదు. కొండ మీది రాళ్ల వేడి ఊళ్లోకి దిగి, పడకగదిలో గోడ తాకితే చెయ్యి చురుక్కుమనేది. నా అవస్థ చూడలేక నాయన బెంగళూరు వెళ్లి ఒక టేబుల్ ఫ్యాను, నీళ్లు కాచుకునే కరెంటు పొయ్యి తెచ్చాడు. వాటితో పాటు బల్బు హోల్డరులో తగిలించే సాకెట్టు కూడా. దానికి ఒకపక్క బల్బు, ఇంకోపక్క ఫ్యాను. ఫ్యాను గిర్రున తిరిగింది! వీధిలోని ఆడవాళ్లందరూ వచ్చి వంతులేసుకుని ఆ గాలిలో కూర్చున్నారు. రేపు పొయ్యి కూడా దానికే తగిలిద్దామన్నాడు నాయన.

మర్నాడు మామ వచ్చాడు. పైకి చూసి, పొయ్యి సంగతి కూడా విని, చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. మెయిన్ ఆపి, కుర్చీ ఎక్కి, హోల్డరు విప్పి నాయనకు చూపించాడు. లోపల తీగ మీది రబ్బరు మెత్తబడి ఉంది.

"బావా, ఈ తీగ దీపానికని ఏసింది. దీపాన్ని మోస్తాది. పొయ్యిని మోయమంటే యాడ మోస్తాది?"

"ఏమబ్బా, నిన్నట్నుంచి బాగానే తిరుగుతాండాది కదా!"

"తిరిగేది మనకు కనపడతాది. లోపల కాలేది కనపడదు."

నాయనకు కోపం వచ్చింది. వీధి వీధంతా చూసిన ఫ్యాను ఆపేశారంటే తలెత్తుకోలేనన్నాడు. మామ నవ్వాడు. బెంగళూరులో పని నేర్చుకున్నప్పటి కన్నడం ఆయన నోట్లో ఉండిపోయింది. "స్వల్ప తాళు బావా, రెండే దినాలు" అన్నాడు, కొంచెం ఆగమని.

ఆ రెండు రోజులూ మా ఇంట్లో పెళ్లి హడావిడి. ముందుగా మామ గదిలో నా మంచం ఎక్కడ వేస్తారు, నీళ్లకడవ ఎక్కడ పెడతారు, వాన జల్లు ఏ కిటికీలోంచి కొడుతుంది అని ఒక్కొక్కటీ అడిగాడు. నన్ను గోడకు ఆనుకుని నిలబడమని నా భుజం ఎత్తున బొగ్గుతో గీత గీశాడు.

"అంత పైనెందుకు మామా?"

"పుట్టబోయేది మూణ్ణాలుగేండ్లకు యాడికి చెయ్యి పెడతాదో లెక్క చూసుకోవల్ల అమ్మీ. వేలు దూరే కన్నం దానికి అందకూడదు."

పని మొదలుపెట్టే ముందు మెయిన్ దించి, ఫ్యూజు ఊడబెరికి తన చొక్కా జేబులో వేసుకునేవాడు. "ఇది నా జేబులో ఉంటే నా ప్రాణం నా దగ్గరున్నట్టు" అనేవాడు. అంత నమ్మకం ఉన్నా, తీగ ముట్టేముందు టెస్టు దీపం పెట్టి, కరెంటు లేదని చూసుకోకుండా ఉండడు. మెయిన్ బోర్డు నుంచి పడకగదికి కొత్త తీగ వేరుగా లాగాడు. దానికి వేరే ఫ్యూజు పెట్టాడు. చెక్కపట్టీల మీద తీగలు బొమ్మ గీసినట్టు తిన్నగా వెళ్లాయి. రెండు ప్లగ్గులు, ఒక్కోదానికి మూడు కన్నాలు, పక్కన స్విచ్చి. మూడో కన్నం ఎర్తుది, దారి తప్పిన కరెంటును నేలలోకి పంపేది. దానికోసం పెరట్లో నిలువెత్తు గుంట తవ్వించి, ఇనుప పైపు దించి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా పోశాడు. "కరెంటుకు ఆవకాయ పెడతాండాడు" అని అవ్వ పగలబడి నవ్వింది.

అవ్వ అంటే నాయన తల్లి. ఆమెకు స్విచ్చి అంటేనే భయం. మామ ఆమెను వదల్లేదు.

"అత్తా, ఇంట్లో ఎప్పుడూ ఉండేది నువ్వే. మెయిన్ దించేది నీకే రావల్ల. చెయ్యి పొడిగా తుడుచుకో. ఊ, లాగు!"

అవ్వ కళ్లు మూసుకుని లాగింది. ఇల్లంతా దీపాలు ఆరిపోయాయి. కళ్లు తెరిచి చూసి, "నేనే ఆర్పినానా?" అంది. ఆ సాయంత్రం ఇంకో నాలుగుసార్లు ఆర్పి చూసుకుంది.

ఫ్యాను మళ్లీ తిరిగింది. పది రోజులకు పాప పుట్టింది.

పాపకు మూడో నెలలో ఒక పొద్దున, స్నానానికని అమ్మ ఆ గదిలోనే కరెంటు పొయ్యి మీద నీళ్లు పెట్టింది. పాప నా ఒళ్లో ఉంది. తడిచేత్తో అమ్మ గిన్నె సర్దుతుండగా బోర్డు దగ్గర 'ఫట్' మంది. ఫ్యాను ఆగిపోయింది. మేం తేరుకునేలోపే అవ్వ చీరచెంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగెత్తి మెయిన్ దించేసింది.

నాయన వచ్చి ఫ్యూజు చూసి, సన్న తీగ కావడం వల్లే తెగిందన్నాడు. లావు తీగ చుడితే మళ్లీ తెగదని ఒక ముక్క కూడా వెతికి తెచ్చాడు. అవ్వ బోర్డు కింద పీట వేసుకుని కూర్చుంది.

"ఆ పిల్లోడు వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టొద్దు. కావాలంటే నన్ను దాటుకుని పో."

కొడుకు తల్లిని దాటలేకపోయాడు. కబురందుకుని మామ మధ్యాహ్నం రైలుకే వచ్చాడు. పొయ్యి విప్పాడు. లోపల వేడెక్కే తీగ తెగి, ఇనుప ఒంటికి ఆనుకుని ఉంది. ఆయన మొదట అమ్మ చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. తర్వాత నాయన వైపు తిరిగాడు.

"బావా, కరెంటు అక్క చేతిలోకి రాకుండా ఎర్తులోకి పోయింది. అందుకే ఫ్యూజు తెగింది. అది తెగేదానికే పెట్టింది. లావు తీగ చుట్టింటే..."

నాయన తన చేతిలోని తీగముక్కను పెరట్లోకి విసిరేశాడు. ఆ తర్వాత ప్రతి ఎండాకాలం ఎర్తు గుంట ఎండిపోకుండా నీళ్లు పోసే పని ఎవరికీ ఇవ్వలేదు, తనే పోస్తున్నాడు.

మామను నేను ఆఖరుసారి చూసింది మొన్న వేసవిలో, ఇక్కడ ధర్మవరంలో. మావారు చీరల అంచులకు డిజైన్లు గీస్తారు. ఆయన బల్లదీపానికి ఒకటి, నేను పట్టుబట్టి కొనిపించుకున్న రేడియోకు ఒకటి, మా పడకగదిలో రెండు ప్లగ్గులు కావాలని రాశాను. ఉత్తరం అందిన మూడోరోజే మామ దిగాడు. చేతులు కొంచెం వణుకుతున్నాయి. తీగలన్నీ తనే వేశాడు గానీ, చివరి ప్లగ్గు దగ్గర స్క్రూడ్రైవరు నాకిచ్చాడు.

"నువ్వు బిగించు అమ్మీ. నేను చూస్తాండా కదా."

రబ్బరు తీసిన తీగ స్క్రూ బయటికి కనిపించకుండా పెట్టించాడు. ప్రతి స్క్రూ బిగించాక తీగను మెల్లగా లాగి చూడమన్నాడు. ఒకటి ఊడొచ్చింది. మళ్లీ బిగించాను. నా ఒళ్లంతా చెమట. అన్నీ తను ఇంకోసారి చూసి మూత పెట్టించి, మెయిన్ వేసి వచ్చాడు.

"ఊ, వెయ్యి."

స్విచ్చి వేశాను. రేడియో ఏమీ పలకలేదు. మళ్లీ స్విచ్చి వైపు చెయ్యి చాపాను. మామ వేలు ఎత్తి, రేడియో వేడెక్కేదాకా ఆగమన్నాడు. అద్దం వెనక సన్నగా పసుపు వెలుగు పుట్టి, అంకెల మీదుగా మెల్లగా పాకింది. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దానికేసి వంగాడు. ఆ వెలుగు ఆయన కళ్లద్దాల్లో రెండు ముక్కలుగా మెరుస్తోంది. పాట ఇంకా మొదలవలేదు. మామ అప్పటికే తలాడిస్తున్నాడు.