తమ్ముడి కొత్త బండి, తొలి లోడు

మా తమ్ముడు ఓబులేసు పికప్పు బండి కొని రెండు నెలలైంది. నేను చూసింది మాత్రం పోయిన ఆదివారమే. "అక్కా, ఆదివారం తొలి లోడు ఏస్తాండాం, రా" అని ఫోను చేశాడు. కొత్త బండిలో తొలి లోడు సొంత చేనిదే పడాలని మా నాయన పట్టు. అందాకా బాడుగకు పోనివ్వలేదు. సొంత చేను అంటే మాకు చీనీ తోటే, బత్తాయిని మా వైపు చీనీ అంటాం. ఇంకేం, పూలదండ, టెంకాయ, నిమ్మకాయలతో పాటు పెద్ద సంచి కూడా సర్దుకున్నాను. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పక్కింటామెకు కాయలు తెస్తానని మాటిచ్చి మరీ బయలుదేరాను.

పొద్దున ఏడు దాటాక ప్యాసింజరు ఎక్కాను. సీటు సులువుగానే దొరుకుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే దుమ్ము ఉచితం. బళ్లారి దాటాక రెండు వైపులా ఎర్ర నేల, దున్ని వదిలేసిన చేలు. రాయదుర్గంలో దిగి స్టేషను బయట ఉగ్గాని, బజ్జీ తిన్నాను. నలభై రూపాయలు. వేడిగా పెడతారు, మీరూ తినొచ్చు. గుమ్మఘట్ట బస్సులో ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు, కాబట్టి సీటూ లేదు.

నా దండ చూసి పక్కనున్న ముసలామె అడిగింది. "ఏమ్మా, పెండ్లికి పోతాండావా?"

"లేదవ్వా, మా తమ్ముడు కొత్త బండి కొనినాడు. చీనీకాయలు ఏసేకి."

"కాయలా? ఈ ఏడాదా?" అని నా ముఖంలోకి చూసి, కిటికీ వైపు తిరిగిపోయింది. ఈమెకేం తెలుసులే అనుకున్నాను.

పదిన్నరకు ఊరి మలుపులో దిగాను. బండి తోట గేటు దగ్గరే ఉంది. తెల్లగా తళతళలాడుతోంది. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు, లోపలంతా కొత్త రబ్బరు వాసన. వెనక డోరు మీద ఆకులతో సహా రెండు చీనీకాయల బొమ్మ వేయించాడు.

"ఏమిరా, పెండ్లికొడుకు మాదిరి ముస్తాబు చేసినావు?" అని తమ్ముణ్ణి ఆటపట్టించాను. వాడు నవ్వలేదు. అప్పుడే తోటలోంచి రంపం మిషను చప్పుడు వినిపించింది.

గేటు లోపల అడుగుపెట్టి అట్లాగే నిలబడిపోయాను. చెట్లన్నీ ఎండిపోయాయి. సగం అప్పటికే కోసి పడేశారు.

చీనీ చెట్టుకు పూత బాగా రావాలంటే కొన్నాళ్లు నీళ్లు ఆపి, ఆకు వాడబెట్టి, తర్వాత ఒక్కసారిగా నీళ్లు వదలాలి. మా వైపు అందరూ చేసేదే. బండి బుక్ చేసిన హుషారులో తమ్ముడు ఈసారి కాస్త ఎక్కువే వాడబెట్టాడు. తీరా మోటారు వేస్తే బోరు గాలి కక్కింది.

"ట్యాంకర్లతో పోసినామక్కా. మొదళ్లు తడిపేకి గూడా చాల్లేదు" అన్నాడు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే చెట్టుకు పానం వస్తాదా?"

ఆ మొక్కలు నాటినప్పుడు బిందెలతో నీళ్లు మోసింది నాయనే. ఇప్పుడు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టిందీ ఆయనే. టెంకాయ నా చేతిలోంచి తీసుకుని కొట్టాడు. "తొలి లోడు మన తోటదే. ఎయ్యండప్పా" అని కూలీలతో అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. పూజ కాడ ఏడవొద్దని కసురుకున్నాడు. కసురుతూనే ఆయనా ఏడ్చాడు.

మధ్యాహ్నం ఎవరికీ అన్నం సయించలేదు. మూడింటికి కట్టెలతో పాటు నేనూ బండిలోనే బయలుదేరాను. చెప్పుకోవాలంటే బండి బాగుంది. గుంతల్లో కూడా కుదుపు తెలియదు, ఏసీ చల్లగా వస్తుంది. అంత మంచి బండిలో కూర్చుని అంత దిగులు పడతానని ఎప్పుడూ అనుకోలేదు. దారిలో ఇటుకబట్టీ దగ్గర లోడు దించారు. బట్టీ యజమాని ఒక కట్టెను గోకి చూసి, "పచ్చి యాడా లేదు, బాగా మండుతాది" అని మెచ్చుకున్నాడు. తమ్ముడు తలూపాడు.

రాయదుర్గం స్టేషను దగ్గర వాడు నా ఖాళీ సంచి అందిస్తూ, "బాడుగలుంటే ఎవరికన్నా చెప్పక్కా" అన్నాడు. సాయంత్రం రైల్లో ఆ సంచి మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. పక్కింటామెకు ఏం చెప్పాలో గుంతకల్లు వచ్చేదాకా తోచలేదు.

ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట. వెనక డోరు మీద రెండు చీనీకాయలున్న తెల్ల పికప్పు కనిపిస్తే అది మా తమ్ముడిదే. గొర్రెలైనా, సిమెంటైనా వేస్తాడు, బాడుగకు పిలవండి. ఆ కాయలు ఏ తోటవని మాత్రం అడగొద్దు.