గెడ వణికితే వణికే చెయ్యి

మా అమ్మాయికి ముప్పై దాటాయి. మాటలు లేవు. ఆటిజం అని ఏలూరులో డాక్టరు చెప్పేసరికే దానికి పదిహేనేళ్లు. అంతకుముందు ఊళ్లోవాళ్లు దానికి పెట్టిన పేర్లు ఇక్కడ రాయను.

మా కొల్లేటి పక్క చేపల చెరువుల్లో మేత కోసం తవుడు, నూనె తీసిన వేరుసెనగ చెక్క కలిపి చిల్లుల సంచుల్లో కూరతారు. ఆ సంచుల్ని నీళ్లలో పాతిన వెదురు గెడలకు కడతారు. చేపలు వచ్చి సంచిని పొడుస్తుంటే పైన గెడ వణుకుతుంది. మా ఆయన నలభై ఏళ్లు ఆ పనే చేశారు. పిల్ల గట్టు మీద కూచుని గెడల్ని చూసేది. గెడ వణికితే దీని కుడిచెయ్యి లేచి, వేళ్లు విప్పుకుని అలాగే వణికేది. గెడ ఆగితే ఆగేది. సంచి ఖాళీ అయిందని మా ఆయన ఈ చెయ్యి చూసే తెలుసుకునేవారు.

నాలుగేళ్ల కిందట టీవీ సీరియల్‌వాళ్లు మా వైపు షూటింగుకి వచ్చారు. అందులో మాటలు రాని పిల్ల వేషం కట్టే అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"మీ అమ్మాయిని చూసి నేర్చుకోవాలండీ. ఊరికే పక్కన కూచుంటాను" అంది.

"దానికి ఒక్క మాట నేర్పుదామని మేం పదేళ్లు చచ్చాం. నువ్వు మాటలు మానడం నేర్చుకుంటానంటే నాదేం పోయింది, కూచో" అన్నాను. నవ్వింది.

మూడు రోజులు కూచుంది. మా పిల్ల గెడల్ని చూసింది, ఆ అమ్మాయి మా పిల్లని చూసింది. గెడల వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. అది నాకు అప్పుడు తట్టలేదు. మూడో రోజు సాయంత్రం నేను వెనకనుంచి వస్తుంటే గట్టు మీద రెండు చేతులు ఒకేలా వణుకుతున్నాయి. నా పిల్ల ఎవరో ఒక్క క్షణం నాకు తెలియలేదు. కట్టుబట్టలు వేరు, జడలు వేరు. అయినా తెలియలేదు.

సీరియల్ మధ్యాహ్నం రెండింటికి వచ్చేది. కథలో, కొల్లేట్లో మునిగిపోయిన ఒకామె ఆ పిల్లకి పూనుతుంది. ఎవరి ఎదురుగా చెయ్యి వణికితే వాళ్లు మూడు రోజుల్లో పోతారు. మా ఇంటికి చూడ్డానికి వచ్చినవాళ్లు, తెర మీద ఆ చెయ్యి లేవగానే తెర వదిలేసి మా పిల్లని చూసేవారు. మణికట్టు వంపు, లోపలికి మడిచిన బొటనవేలు, అన్నీ దీనివే. మొహం మాత్రం వేరేవాళ్లది. మా పిల్ల తన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని కూచునేది.

రోజూ సీరియల్ మొదట్లో తెర మీద ఏవో అక్షరాలు వేసేవారు. నేను యాభై దాటాక వయోజన విద్య తరగతిలో దిద్దినదాన్ని, ఒత్తుల దగ్గర ఆగిపోతాను. రెండో మాటకి వచ్చేలోపు అవి పోయేవి. మర్నాడు ఆ రెండో మాట నుంచి పట్టుకునేదాన్ని. వారం పట్టింది: ఇందులోని పాత్రలన్నీ కల్పితం, ఎవరినీ ఉద్దేశించినవి కావు.

పక్కింటావిడకి చెప్పాను, అదంతా కల్పితమని వాళ్లే రాశారని.

"మీకు చదువొచ్చి ఎన్నాళ్లయిందండీ వదినగారూ, రాసిందల్లా నమ్మేస్తున్నారు" అంది. "చెయ్యి మాత్రం అదే కదండీ."

నెల తిరక్కుండా చెరువు రైతు మా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు.

"ఏమీ అనుకోకండి. అమ్మాయిని కొన్నాళ్లు గట్టు మీదకి పంపకండి. కూలీలు దోనె ఎక్కం అంటున్నారండీ."

దానికి ఆ గట్టు తప్ప వేరే ఊరు లేదు, బడి లేదు. ఇంట్లో కుర్చీలో కూచోబెట్టాను. ఎదురుగా మా ఆయన మంచం. ఒంట్లో బాగోక ఆయన అప్పటికే పని మానేశారు.

ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి వచ్చేసరికి పిల్ల చెయ్యి లేచి ఉంది. ఆయన వైపు. వేళ్లు విప్పుకుని వణుకుతోంది. కన్నతల్లిని, ఆ చెయ్యి ఎక్కడిదో తెలిసినదాన్ని. అయినా కుర్చీని గోడవైపు తిప్పేశాను. మూడు రోజులు లెక్కపెట్టాను. ఆయన నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. పిల్ల మూడు రోజులూ గోడనే చూసింది. చెయ్యి లేవలేదు.

మూడో రోజు గంజి ఇస్తుంటే ఆయన అడిగారు.

"దాన్నెందుకే అలా తిప్పేశావు?"

ఆయన గ్లాసు పట్టుకున్నారు, గంజి దుప్పటి మీద ఒలికింది. ఏడాదిగా ఆయనకి కుడిచేతి వణుకు.

"నా చెయ్యి ఊగుతుంటే మీరంతా మొహం తిప్పుకుంటారు. అదొక్కటే చూసేది. ఇంట్లో దానికి గెడ నేనేగా" అన్నారు.

కుర్చీ ఇటు తిప్పాను. ఆయన చెయ్యి దుప్పటి మీద పెట్టుకుని పడుకున్నారు. గంజి చల్లారిపోయింది. చాలాసేపటికి పిల్ల బొటనవేలు లోపలికి మడుచుకుంది. అప్పుడు చెయ్యి లేచింది.

మర్నాడు పొద్దున్నే దాన్ని గట్టు మీదకి తీసుకెళ్లాను. రైతు ఎదురొచ్చాడు.

"చెప్పాను కదండీ."

"చెప్పారు. నేనూ భయపడ్డాను, మీకంటే ఎక్కువే. ఇప్పుడు దాన్ని చూడకండి, అది దేన్ని చూస్తోందో చూడండి" అన్నాను.

అయిష్టంగానే నిలబడ్డాడు. పిల్ల చెయ్యి కాసేపు వణికి ఆగిపోయింది. నీళ్లలో నాలుగో గెడ కదలడం మానేసింది. రైతు పిల్లని చూశాడు, గెడని చూశాడు, దోనెలో ఉన్న కూలీని కేకేశాడు.

"ఆ నాలుగోదానికి సంచి మార్చరా!"

ఇక మమ్మల్ని ఏమీ అనలేదు.

ఆ మధ్యాహ్నం సీరియల్ పెట్టాను. ఖాళీ వాకిట్లో నిలబడి ఆ అమ్మాయి చెయ్యి వణికిస్తోంది. ఎదురుగా ఆకు కూడా కదలడం లేదు. మా పిల్ల తెర ఈ చివరనుంచి ఆ చివరదాకా వెతికింది. లేచి వెళ్లి, టీవీ వెనక్కి తొంగి చూసింది.