ఆమె నిలబడి కత్తిరించుకునే బల్ల

నా భార్య వనపర్తిలో మా ఇంటి ముందు గదిలోనే బట్టలు కుడుతుంది. ఇరవై ఏళ్లుగా నేల మీద కూర్చునే గుడ్డ కత్తిరించింది. ఇప్పుడు మోకాళ్లు సహకరించడం లేదు. నిలబడి కత్తిరించుకోవాలి, లేదంటే పని మానుకోవాలి అని దవాఖానలో చెప్పారు. మానేస్తే ఆమెకు అన్నం సయించదని నాకు తెలుసు. బల్ల నేనే చేస్తానన్నాను.

వడ్రంగిని పిలుద్దామంది. నేను వినలేదు. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. పెబ్బేరు నుంచి రెండు ప్లైవుడ్ షీట్లు తెచ్చి, తెలిసినవాళ్ల దగ్గర కోత మిషన్, అదే చేత్తో నడిపే కరెంటు రంపం, అడిగి తెచ్చుకున్నాను.

మొదటి కోత చేతి అంచనాతో కోశాను. వంకరటింకరగా వచ్చింది. ఆమె చీపురు తెచ్చి రంపపు పొట్టు ఊడ్చింది, అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. రెండోసారి అల్యూమినియం పట్టీని సరిగ్గా గీత మీదే బిగించి, మిషన్‌ను దానికి ఆనించి కోశాను. కోత తిన్నగానే వచ్చింది, కానీ గీతకు నాలుగు వేళ్లు అవతల పడింది. మిషన్ అడుగు రేకు అంచుకీ రంపం పళ్లకీ మధ్య దూరం ఉంటుందని తోచలేదు. ఒక షీటు అట్లా పాడైంది.

గుమ్మంలోంచి చూస్తున్న ఆమె మెల్లగా అంది: "నేనైతే కుట్టుకు జర ఇడిచిపెట్టి కోస్త. నువ్వు మిషన్‌కు ఇడవలే."

నిజమే. పాడైన ముక్క మీద కోసి ఆ దూరం కొలుచుకున్నాను. పట్టీని గీత నుంచి అంతే వెనక్కి జరిపి బిగించాను. పెచ్చులు లేవకుండా రెండో షీటు నునుపు వైపును కిందికి తిప్పాను. తొందరపెట్టకుండా మిషన్‌ను దాని దారిన పోనిచ్చాను. అంచు మీద వేలు పెట్టి నడిపితే ఎక్కడా గరుకు తగల్లేదు. మధ్యాహ్నానికి పై పలక, దాన్ని మోసే రెండు పక్క పలకలు బిగిసి బల్ల నిలబడింది. చుట్టూ తిరిగి నాలుగుసార్లు చూసుకున్నాను.

ఆమె గుడ్డ పరిచి కత్తెర పట్టింది. మోచేతులు భుజాల దాకా లేచాయి. రెండు జానలు కత్తిరించి ఆగిపోయింది.

"ఎత్తు ఎవరికి కొలిచినవ్?"

నా నడుముకే కొలిచానన్నాను. ఆమె నా భుజం దాకా కూడా రాదు.

"కోసేది నేను గదా."

కోపం కూడా లేదు ఆ మాటలో. నాకు తల కొట్టేసినట్టయింది. పక్క పలకలు విప్పాను. ఆమెను గోడకు ఆనుకొని నిలబడమని, మడమ నుంచి మోచేతి దాకా టేపు పట్టాను. ఊళ్లో సగం మంది ఒంటి కొలతలు ఆమెకు నోటికి వచ్చు. ఇన్నేళ్ల కాపురంలో నేను ఆమెను కొలవడం అదే మొదటిసారి.