ఒగ్గేయమన్న సినిమా

శ్రీకాకుళంలో మ్యాట్నీకి ఆ కౌబాయ్ సినిమా చూసి బయటికొచ్చేసరికి నా ఒళ్లు మండిపోతోంది. ఎండకు కాదు. లోపల ఏసీ చలికి మా అక్క కొంగు కప్పుకుని మరీ కూర్చుంది. ఆ సినిమా తీసినవాడి మీద మంట, దాన్ని తెగ మెచ్చుకుంటూ నడుస్తున్న మా బావ మీద మంట.

కథేమిటంటే, ఓ ముసలి తుపాకీవాడు. వయసులో ఉండగా ఎవడో పశువుల ఆసామి డబ్బిచ్చాడని, కంచె దగ్గర ఓ రైతును కాల్చి చంపాడు. ఏళ్లు గడిచాక జబ్బుపడి, తెలియక ఆ రైతు భార్య గుమ్మంలోనే గుర్రం మీంచి పడతాడు. వాడెవడో ఆవిడ పోల్చుకుంటుంది. అయినా గంజి పోసి బతికిస్తుంది. ఆ తర్వాత ఆవిడ పొలం మీదికొచ్చిన దుండగుల్ని వాడు కాల్చేసి, తనూ ఓ గుండు తిని, ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని ప్రాణం విడుస్తాడు. అప్పుడావిడ తెలుగు డబ్బింగులో "నిన్ను క్షమించాను" అంటుంది. హాలంతా చప్పట్లు. మా అక్క ముక్కు చీదింది.

క్షమించిందట! బుద్ధెరిగిన నాటినుంచి మా ఊళ్లో ఆ మాట ఒక మనిషి ఇంకో మనిషితో అనగా నేను వినలేదు. మా వైపు ఉన్నది ఒక్కటే మాట, ఒగ్గేయడం. పలుపు విప్పి ఆవును ఒగ్గేస్తాం. మడిలోకి నీళ్లు ఒగ్గుతాం. పగనైనా ఒగ్గేస్తాం, అక్కర్లేని మనిషినైనా ఒగ్గేస్తాం. ఏది ఒగ్గేశామో పక్కవాడు చూసి తెలుసుకోవాల్సిందే.

ఇంకో సంగతి. అంత పొడుగు సినిమాలో చచ్చిన రైతు కనబడింది నిమిషం కూడా లేదు. అదీ వెనకనుంచి. టోపీ, వీపు, అంతే. చంపినవాడి ముఖం మీద ముడతలు మాత్రం తెరంతా పరిచి చూపించారు. వాడి దగ్గు, వాడి కలలు, వాడి కన్నీళ్లు. చచ్చినవాడికి కలలుండవు కాబోలు.

థియేటరు ఎదుట టీ బండి దగ్గర బావ మొదలెట్టాడు.

"ఎంత సెడ్డోడైనా వోడిలోనూ మనిసున్నాడు కదేటే మరదలా."

"మనిసి కాకపోతే గొడ్డు సంపిందేటి బావా? మనిసి కాబట్టే నా కోపం."

"ఊరందరిదీ ఓ దారి, ఉలిపికట్టెది ఓ దారి" అని బావ నవ్వి అక్క వైపు చూశాడు. అక్క గ్లాసు బండ మీద పెట్టి మెల్లగా అంది. "సిన్నాన్నకి గుండె బాగునేదే. నిన్నొకపాలి సూడాలంతన్నాడు. కడుపు సించుకుంటే కాళ్ల మీదే పడతాది, ఎన్నాళ్లీ పంతం?"

అదీ సంగతి! నన్ను మెత్తబరచడానికన్నమాట ఈ టికెట్టు, ఈ పాప్‌కార్న్.

పొందూరు దగ్గర మా ఊళ్లో, మా పొలానికీ చిన్నాన్న పొలానికీ మధ్య ఒక గట్టు. నేను చదువుకునే రోజుల్లో నాట్ల వేళ నీళ్ల కోసం అన్నదమ్ములిద్దరికీ ఆ గట్టు మీద మాటామాటా పెరిగింది. చిన్నాన్న పార తిరగేసి కర్రతో కొట్టాడు. నాన్న కుడి మోచెయ్యి విరిగింది. కట్టు కట్టించినా ఆ చెయ్యి మళ్లీ నోటిదాకా లేవలేదు. పోయేదాకా నాన్న ఎడంచేత్తోనే అన్నం తిన్నాడు. నలుగురిలో ఎడంచేత్తో తినడం సిగ్గని ఏ పెళ్లిలోనూ బంతిలో కూర్చోలేదు. నా పెళ్లిలో కూడా అందరూ లేచాక వంటపాకలో గోడవైపు తిరిగి తిన్నాడు. ఆ రోజు ఏం జరిగింది నాన్నా అంటే లేచి వెళ్లిపోయేవాడు. ఆ నోరు అలా మూసుకునే పోయాడు.

దాన్నిప్పుడు ఒగ్గేయాలి, సినిమా చూపించారు కనుక!

వెళ్లాను. అక్క మాట కాదనలేక కాదు, మొహం మీదే చెప్పేసి రావాలని. బావ కారులో ఊరు చేరేదాకా తిట్లు కూడబెట్టుకున్నాను.

చిన్నాన్న నవారు మంచం మీద తలగడలకు ఆనుకుని ఉన్నాడు. పీల్చిన గాలి సగంలోనే ఆగిపోతోంది. పిన్ని స్టూలు వేసి పక్కకి తప్పుకుంది. సినిమాలో అయితే ఇక్కడ వయొలిన్ వాయించేవారు. ఇక్కడ ఫ్యాను కిర్రుమంటోంది.

"ఒగ్గీసేవా అమ్మా?" అన్నాడు.

చెప్పాలని తెచ్చుకున్న తిట్లన్నీ ఉన్నాయి నోట్లో. కానీ ఆ టోపీ, ఆ వీపు గుర్తొచ్చి వేరే మాట వచ్చింది. "దెబ్బ తగిలాక నాన్న ఏటన్నాడు?"

చిన్నాన్న బావ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

"పార ఆడే మడిలో పడీసి ఎలిపోతన్నాను. ఎనకాల్నించి పిలిసేడు. తిడతాడనుకున్నాను. 'ఒరే, పార మడిలో ఒగ్గీకురా, రేపు దిగినప్పుడు కాలు తెగుతాది' అన్నాడు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. దాని వెనకే కోపం, వచ్చినప్పటికన్నా ఎక్కువ. చెయ్యి విరిగి వేలాడుతుంటే తమ్ముడి కాలు గురించి అన్న మాట అది. అమ్మ వినాల్సిన మాట, నేను వినాల్సిన మాట. ఇన్నేళ్లూ దాన్ని ఈయన ఒక్కడే ఉంచుకున్నాడు.

"ఒగ్గీయమ్మా" అన్నాడు మళ్లీ.

"ఒగ్గను" అన్నాను. అక్క నా భుజం పట్టుకుంది. విదిలించుకుని స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాను. "రేపు పొద్దున్నే వస్తాను. నాన్న మాటలు ఇంకేటి గుర్తున్నాయో తలుసుకుని ఉంచు."