వాలిన చెవి

కోట్లు కుట్టే దర్జీ ప్రతి ఆదివారం కుక్కపిల్లలు అమ్మే ఆయన ఇంటికి వెళ్లి, ఒక కుక్కపిల్ల ఎడమ చెవి చూసి వస్తాడు. చెవులు నిక్కి ఉండాల్సిన జాతి అది. చెవి వాలి ఉన్నన్నాళ్లూ సగం ధర. తల్లి పోయాక నోరు విప్పని దర్జీ కూతురు మాట్లాడింది ఈ ఒక్క కుక్కపిల్లతోనే. ఆ సగం ధర డబ్బు అతను ఈ వారానికి కూడబెట్టగలిగాడు. కోటు లోపల వేసే అస్తరు గుడ్డ ముక్కలతో దానికి పరుపు కూడా కుట్టాడు. ఈ ఆదివారం ఆ చెవి లేతాకులా లేచింది.

"ఇక పూర్తి ధరేనయ్యా," అన్నాడు అమ్మేవాడు.

"గాలికి లేచిందన్నా."

"గాలికి లేచేది నీ కోటు కాలరు. కుక్క చెవి కాదు."

దర్జీ కాలరు మడిచే వేళ్లతోనే ఆ చెవిని మెల్లగా వంచి పట్టుకున్నాడు. "చూడన్నా, వాలే ఉంది," అన్నాడు. పిల్ల అతని మణికట్టు నాకింది. వేళ్ల కింద చెవి లేవాలని తోస్తూనే ఉంది.