పెండ్లి కారు ఆగిన రోజు

మొన్న పత్తర్‌గట్టి వెనక సందుల ఎవరో పాత ఇత్తడి బిందెకు మాటు వేస్తున్నరు; టంకం కరిగే ఆ ఘాటు పొగ ముక్కుకు తగలంగనే మా బాపు కారు కండ్ల ముందట నిలబడ్డది.

లాల్‌దర్వాజల మా గల్లీ మొత్తానికి అదొక్కటే కారు. ఆదివారమొస్తే బాపు బానెట్ ఎత్తి, రేడియేటర్ మీది ఇత్తడిని చింతపండుతోని తళతళ మెరిసేదాక తోమేటోడు. దేవుని దగ్గరి దీపాలను మా అమ్మ గూడ గంత ముద్దుగ తోమకపోయేది. గల్లీల ఏ ఆడపిల్లయినా ఆ కార్లనే అత్తగారింటికి పోవాలె, అది ఆయన పంతం.

ఇంటింటా మామిడిపండ్లు మాగుతున్న ఎండకాలంల, పక్కింటి పాల యాదయ్య కాక బిడ్డ సుజాతక్క పెండ్లి వచ్చింది. అప్పటికే రెండుసార్లు మాటు వేయించినా రేడియేటర్ కారుతున్నది. మిస్త్రీ యూసుఫ్ భాయ్ చూసి, "సాబ్, లోపలి జాలి ఖరాబైంది. మాటు ఆగది, కొత్తది ఎయ్యాలె," అన్నడు.

"పెండ్లి అయినంక చూద్దాం భాయ్," అని బాపు కారుకు బంతిపూల దండలు కట్టిండు.

అప్పగింతలైనంక, నన్ను ముందు సీట్ల కూసోవెట్టుకొని మూసీ అవతలి అత్తగారింటికి పోతుంటే, చార్మినార్ కాడ బానెట్ సందులకెళ్లి గుప్పున ఆవిరి లేచింది. బాపు రేడియేటర్ మూత తియ్యంగనే మరిగే ఎర్ర తుప్పునీళ్లు ఎగజిమ్మి తెల్లంగీ తడిసింది, చెయ్యి కాలింది. వెనక ఆటోల హారన్లు, గాజుల దుకాణాల ముందర నవ్వులు. పెండ్లికొడుకు పెదనాయన, "గీ డబ్బా ఎవడు తెమ్మన్నడు?" అని అరిచిండు. సుజాతక్క ఒడిబియ్యం పట్టుకొని దిగి ఆటో ఎక్కింది. బాపు తల దించుకోవడం అదే మొదటిసారి చూసిన. నేనే నడిరోడ్డు మీద ఆగిపోయినట్టు సిగ్గుతోని చచ్చిపోయిన.

మర్నాడే కొత్త జాలి వేయించిండు గని, యాదయ్య కాక ఇంటి ముందటికెళ్లి నడుసుడు మానేసిండు.

ఆషాఢానికి పుట్టింటికొచ్చిన సుజాతక్క, తిరిగి పోయేనాడు మా గడపల నిలబడ్డది.

"కాకా, నీ కార్లనే పోత."

"ఆళ్లకు మొకమెట్ల చూపియ్యాలె బిడ్డా?"

"నేను పక్కకుంట గద."

కారు ఎక్కడా ఆగలే. అత్తగారింటి ముందర బాపు మాత్రం దిగలే. అక్క తెచ్చిచ్చిన నీళ్లు స్టీరింగ్ కాడనే, తల ఎత్తకుంట తాగిండు.

ఇప్పుడా కారు లేదు, బాపూ లేడు. మా గల్లీల పెండ్లికూతుర్లకు ఫోన్ల కారు మాట్లాడుతున్నరు. నడుమ ఆగితే ఇంకోటి పంపుతరు. దానికి సిగ్గుపడేటోడు మాత్రం ఎవ్వడుండడు.